ఫైల్ సిస్టమ్ బ్లాకు పరిమాణం, చిన్న ఫైళ్ళు ఆక్రమించే డిస్కు స్థలం

కంప్యూటరు డిస్కులో ఫైళ్ళకు చోటు కేటాయించేటప్పుడు ఫైల్ సిస్టమ్ పాటించే కనిష్ఠ కొలత బ్లాకు. విండోస్ పరిభాషలో దీన్నే క్లస్టర్ అంటారు. పెన్‌డ్రైవ్‌ను ఫార్మాట్ చేసేటప్పుడు ‘అలకేషన్ యూనిట్ సైజు’ పేరుతో కనిపించేది కూడా ఇదే. ఒక బ్లాకును చీల్చి రెండు ఫైళ్ళకు పంచడం చాలా ఫైల్ సిస్టముల్లో కుదరదు. అందువల్ల సాధారణంగా ఫైలు ఎంత చిన్నదైనా దానికి కనీసం ఒక పూర్తి బ్లాకు పోతుంది. గనుల కాలనీలో క్వార్టరు కేటాయించినట్టే ఇదీ: ఇంట్లో ఇద్దరున్నా ఆరుగురున్నా క్వార్టరు ఒక్కటే, ఖాళీగా ఉన్న గదిని పక్క కుటుంబానికి రాసివ్వరు. ఫైళ్ళు పెద్దవైతే ఈ నష్టం లెక్కలోకి రాదు. చిన్నవై, వేలల్లో లక్షల్లో ఉన్నప్పుడు అసలు సమాచారానికి ఎన్నో రెట్ల డిస్కు ఖర్చవుతుంది. ఈ వ్యాసంలో ఒక కిలోబైటు అంటే 1,024 బైట్లు.

పరిభాష

డిస్కు పరికరం తనంతట తాను చదివే, రాసే కనిష్ఠ ముక్క సెక్టారు. దశాబ్దాల పాటు ఇది 512 బైట్లు. 2010 ప్రాంతం నుంచి హార్డ్‌డిస్కు తయారీదారులు ‘అడ్వాన్స్‌డ్ ఫార్మాట్’ పేరుతో 4,096 బైట్ల సెక్టారుకు మారారు. సెక్టారు పరికరానికి చెందిన విషయం, బ్లాకు ఫైల్ సిస్టముకు చెందిన విషయం. ఒక బ్లాకులో ఒకటి లేదా అంతకన్నా ఎక్కువ సెక్టార్లు ఉంటాయి.

ఫైలులోని చివరి బ్లాకులో సమాచారం అయిపోయాక మిగిలిన చోటును స్లాక్ అంటారు. కేటాయించిన దాని లోపలే జరిగే ఈ నష్టానికి పాఠ్యపుస్తకాల్లో ఉన్న పేరు ఇంటర్నల్ ఫ్రాగ్మెంటేషన్. ఫైలు ముక్కలు డిస్కులో దూరదూరంగా పడటం వేరే సంగతి. దానిది వేగానికి సంబంధించిన సమస్య, స్థలానికి సంబంధించినది కాదు.

ప్రతి ఫైలుకూ రెండు కొలతలుంటాయి. లోపలున్న బైట్ల సంఖ్య మొదటిది, డిస్కులో అది పట్టిన చోటు రెండోది. విండోస్‌లో ఫైలు ‘ప్రాపర్టీస్’ తెరిస్తే ఇవి ‘సైజు’, ‘సైజు ఆన్ డిస్క్’ అని పక్కపక్కనే కనిపిస్తాయి. లినక్స్‌లో ‘ఎల్ఎస్’ ఆదేశం మొదటిదాన్ని, ‘డియు’ ఆదేశం రెండోదాన్ని చూపుతాయి.

లెక్కకట్టే పద్ధతి

ఫైలు బైట్లను బ్లాకు పరిమాణంతో భాగించి, శేషం ఉంటే పై పూర్ణాంకానికి సవరించాలి. వచ్చిన సంఖ్యను మళ్ళీ బ్లాకు పరిమాణంతో గుణిస్తే డిస్కులో పట్టే చోటు వస్తుంది. 9,500 బైట్ల ఫైలు 4,096 బైట్ల బ్లాకుల్లో మూడింటిని తీసుకుంటుంది. అంటే 12,288 బైట్లు.

ఫైళ్ళు బ్లాకు కన్నా బాగా పెద్దవైనప్పుడు ఒక్కో ఫైలుకు సగటున అర బ్లాకు వృథా అవుతుందని అంచనా వేయవచ్చు. ఈ సూత్రాన్ని చిన్న ఫైళ్ళకు వర్తింపజేస్తే తప్పు లెక్క వస్తుంది. బ్లాకు కన్నా ఫైలే చిన్నదైతే వృథా అర బ్లాకును దాటి పూర్తి బ్లాకుకు దగ్గరపడుతుంది. మొత్తం నష్టాన్ని నిర్ణయించేది ఫైళ్ళ మొత్తం బరువు కాదు, ఫైళ్ళ సంఖ్య. రెండు గిగాబైట్ల వీడియో ఒక్కటి ఎంత పెద్ద బ్లాకుల డిస్కులో ఉన్నా వృథా ఒక బ్లాకు లోపే. అదే రెండు గిగాబైట్లు పది లక్షల ఫైళ్ళుగా ఉంటే వృథా పది లక్షల చోట్ల జరుగుతుంది.

చిన్న ఫైళ్ళు అరుదేమీ కాదు. మైక్రోసాఫ్ట్ సంస్థలోని 60,000కు పైగా కంప్యూటర్ల ఫైల్ సిస్టములను 2000 నుంచి 2004 వరకు పరిశీలించి 2007లో ప్రచురించిన అధ్యయనంలో సగటు ఫైలు పరిమాణం 108 కిలోబైట్ల నుంచి 189 కిలోబైట్లకు పెరిగింది. మధ్యగత పరిమాణం మాత్రం ఐదేళ్ళూ 4 కిలోబైట్ల దగ్గరే నిలిచింది. పెద్ద ఫైళ్ళు మరింత పెద్దవయ్యాయి తప్ప, ఫైళ్ళలో సగం నాలుగు కిలోబైట్లకు మించలేదు.

చరిత్ర

తొలి యూనిక్స్ ఫైల్ సిస్టము 512 బైట్ల బ్లాకులు వాడింది. స్థలం పొదుపైంది గాని వేగం దారుణంగా ఉండేది. డిస్కు ఇవ్వగల వేగంలో దాదాపు 2 శాతమే అందేదని బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు మెక్‌కూసిక్, జాయ్, లెఫ్లర్, ఫాబ్రీ 1984లో ప్రచురించిన పత్రంలో నమోదు చేశారు. బ్లాకును పెంచితే వేగం పెరుగుతుంది. మరి చోటు?

ఆ పత్రంలోనే అందుకు కొలిచిన జవాబు ఉంది. దాదాపు 775 మెగాబైట్ల నిజమైన ఫైళ్ళను తీసుకుని వారు లెక్కకట్టారు. 512 బైట్ల బ్లాకులతో వృథా 6.9 శాతం, 1,024 బైట్లతో 11.8 శాతం, 2,048 బైట్లతో 22.4 శాతం, 4,096 బైట్లతో 45.6 శాతం. ఒక్కో మెట్టుకు వృథా సుమారు రెట్టింపవుతూ వచ్చింది. అప్పటి డిస్కు ధరలకు ఇది భరించలేని నష్టం.

వారు కనిపెట్టిన మార్గం ‘ఫ్రాగ్మెంట్’. బ్లాకు 4,096 బైట్లో అంతకన్నా ఎక్కువో ఉంటుంది. దాన్ని రెండు, నాలుగు లేదా ఎనిమిది ముక్కలు చేయవచ్చు. ఫైలు తోక భాగానికి పూర్తి బ్లాకు బదులు కావలసినన్ని ముక్కలే ఇస్తారు. పైన చెప్పిన 9,500 బైట్ల ఫైలుకు 1,024 బైట్ల ముక్కలున్న పద్ధతిలో రెండు పూర్తి బ్లాకులు, రెండు ముక్కలు చాలు. మొత్తం 10,240 బైట్లు. చోటు నష్టాన్ని పాత పద్ధతి స్థాయికి తెస్తూనే డిస్కు వేగంలో 47 శాతం వరకు అందుకోగలిగారు. బ్లాకు పరిమాణం గురించి ఆ తర్వాత జరిగిన పని చాలావరకు ఈ పత్రం వేసిన దారిలోనే నడిచింది.

వ్యక్తిగత కంప్యూటర్లలో కథ మరోలా సాగింది. మైక్రోసాఫ్ట్ వారి ఫ్యాట్16 పద్ధతి క్లస్టర్లను 16 బిట్ల సంఖ్యలతో లెక్కపెట్టేది. ఒక డిస్కు భాగంలో 65 వేల పైచిలుకు క్లస్టర్లే సాధ్యం కాబట్టి డిస్కు పెరిగేకొద్దీ క్లస్టరు లావెక్కేది. 128 నుంచి 255 మెగాబైట్ల డిస్కుకు 4 కిలోబైట్లు, 512 నుంచి 1,023 మెగాబైట్లకు 16 కిలోబైట్లు, ఒక గిగాబైటు దాటితే 32 కిలోబైట్లు. 1990ల మధ్యలో పెద్ద డిస్కు కొన్నవారికి పాత ఫైళ్ళు కొత్త డిస్కులో ఎక్కువ చోటు తినడం కనిపించింది కూడా ఇందువల్లే. 1996లో విండోస్ 95 రెండో సవరణతో వచ్చిన ఫ్యాట్32 ఈ ఇబ్బందిని తగ్గించి, 8 గిగాబైట్ల వరకు 4 కిలోబైట్ల క్లస్టరును తెచ్చింది.

ఫైల్ సిస్టముల వారీగా

*ఎన్‌టీఎఫ్ఎస్.* 1993లో విండోస్ ఎన్‌టీతో వచ్చింది. 16 టెరాబైట్ల వరకు అప్రమేయ (ముందే అమర్చి ఉండే) క్లస్టరు 4 కిలోబైట్లు. ప్రతి ఫైలుకు మాస్టర్ ఫైల్ టేబుల్‌లో సాధారణంగా 1 కిలోబైటు నమోదు ఉంటుంది. ఫైలు దాదాపు 700 బైట్ల లోపు ఉంటే సమాచారం ఆ నమోదులోనే ఇమిడిపోతుంది, విడిగా క్లస్టరు అవసరం పడదు. అలాంటి ఫైలుకు కొత్త విండోస్‌లలో ‘సైజు ఆన్ డిస్క్’ 0 బైట్లని కనిపించడానికి కారణం ఇదే.

*ఫ్యాట్32, ఎక్స్‌ఫ్యాట్.* పెన్‌డ్రైవులు, మెమరీ కార్డులు ఎక్కువగా ఈ రెండింటిలోనే ఉంటాయి. ఫ్యాట్32లో 16 నుంచి 32 గిగాబైట్ల డ్రైవుకు విండోస్ ఇచ్చే క్లస్టరు 16 కిలోబైట్లు. ఒక్కో ఫైలు 4 గిగాబైట్లు దాటకూడదన్న హద్దు అడ్డురావడంతో 2006లో ఎక్స్‌ఫ్యాట్ వచ్చింది. ఇందులో 32 గిగాబైట్ల వరకు 32 కిలోబైట్లు, అది దాటితే 128 కిలోబైట్లు అప్రమేయం. ఇంత పెద్ద క్లస్టరు పెట్టడానికి కారణం లేకపోలేదు. 64 గిగాబైట్ల డ్రైవును 4 కిలోబైట్ల చొప్పున విభజిస్తే కోటీ 67 లక్షల క్లస్టర్లవుతాయి, ఒక్కో దానికి 4 బైట్ల చొప్పున వాటి పట్టికే 64 మెగాబైట్లవుతుంది. 128 కిలోబైట్ల చొప్పున అయితే 5,24,288 క్లస్టర్లు, 2 మెగాబైట్ల పట్టిక. కెమెరాలో ఫొటోలకూ వీడియోలకూ ఇది సరైన ఎంపిక. వేల చిన్న ఫైళ్ళకు ఇంతకన్నా చెడ్డ ఎంపిక ఉండదు.

*ఎక్స్‌ట్4.* లినక్స్‌లో 2008 నుంచి స్థిరపడింది. అప్రమేయ బ్లాకు 4 కిలోబైట్లు. 1, 2 కిలోబైట్లు కూడా పెట్టుకోవచ్చు. మరో ఫైలు దారిని సూచించే 60 బైట్ల లోపు సింబాలిక్ లింకులు ఫైలు వివరాలు దాచే ఐనోడ్‌లోనే సర్దుకుంటాయి. చిన్న ఫైళ్ళను కూడా అలా సర్దే సౌకర్యం ఉంది గాని దాన్ని విడిగా ఆన్ చేయాలి.

*ఇతరాలు.* 2001లో లినక్స్ కెర్నెల్‌లోకి చేరిన రైజర్ ఎఫ్ఎస్ అనేక ఫైళ్ళ తోకలను ఒకే బ్లాకులో కుదించి పెట్టేది. 2025లో విడుదలైన 6.13 కెర్నెల్‌తో దాన్ని తొలగించారు. బీటీఆర్ ఎఫ్ఎస్ సుమారు 2 కిలోబైట్ల వరకు ఉన్న ఫైళ్ళను ఫైళ్ళ వివరాలుండే తన మెటాడేటా వృక్షంలోనే పెడుతుంది. జెడ్ఎఫ్ఎస్‌లో రికార్డు పరిమాణం 128 కిలోబైట్లని కనిపించినా, అది గరిష్ఠ హద్దు మాత్రమే. చిన్న ఫైలుకు చిన్న రికార్డే పడుతుంది. ఆపిల్ వారి ఏపీఎఫ్ఎస్ 4 కిలోబైట్లు వాడుతుంది. ఇన్ని చోట్ల 4 కిలోబైట్లే కనిపించడానికి ప్రధాన కారణం ఇంటెల్ తరహా ప్రాసెసర్లలో జ్ఞాపక పుట 4,096 బైట్లు కావడం.

బ్లాకులో పట్టే తెలుగు

యూనికోడ్‌లో తెలుగు వర్ణాలకు 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ వరకు స్థానాలున్నాయి. యూటీఎఫ్-8 పద్ధతిలో వీటిలో ఒక్కోదానికి 3 బైట్లు పడతాయి. ‘గోదావరిఖని’ అనే మాటలో గ, ఓత్వం, ద, దీర్ఘం, వ, ర, గుడి, ఖ, న, గుడి అని పది సంకేతాలున్నాయి కాబట్టి 30 బైట్లు. ఒత్తులున్న మాటలు ఇంకా బరువు: ‘స్త్రీ’ ఒక్క అక్షరమే అయినా ఆరు సంకేతాలు, 18 బైట్లు.

ఒక్క ‘గోదావరిఖని’ అనే మాటను, చివర కొత్త పంక్తి లేకుండా, ఎక్స్‌ట్4 డిస్కులో ఫైలుగా దాచి ‘స్టాట్’ ఆదేశం ఇస్తే సైజు 30, బ్లాకులు 8 అని వస్తుంది. ఈ ఎనిమిది 512 బైట్ల లెక్కలో చెప్పినవి, గుణిస్తే 4,096. ముప్పై బైట్ల మాటకు నాలుగు వేల బైట్ల చోటు పోయింది. అదే ఫైలును 64 గిగాబైట్ల ఎక్స్‌ఫ్యాట్ పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేస్తే 1,31,072 బైట్లు.

4,096 బైట్ల బ్లాకులో తెలుగు సంకేతాలు 1,365 మాత్రమే పడతాయి. ఇంగ్లిషు అక్షరాలైతే 4,096. 1,500 సంకేతాల తెలుగు లేఖ రెండు బ్లాకులు తీసుకుంటే, అన్నే అక్షరాల ఇంగ్లిషు లేఖకు ఒకటి సరిపోతుంది. 32 కిలోబైట్ల క్లస్టరుకు వెళ్తే రెండిటికీ ఒకటే క్లస్టరు. లిపి వల్ల వచ్చే అదనపు బరువు చిన్న బ్లాకుల్లో కనిపిస్తుంది, పెద్ద బ్లాకుల వృథాలో కలిసిపోతుంది. డీటీపీ కేంద్రాల్లో ఏళ్ళ తరబడి వాడిన అను ఫాంట్ల వంటి పాత పద్ధతుల్లో ఒక్కో ముద్రా రూపానికి ఒక బైటే అయినా, ఒక అక్షరానికి రెండు మూడు రూపాలు కలపవలసి రావడంతో ఆదా అనుకున్నంత ఉండదు. ఆ ఫైళ్ళను యూనికోడ్‌లోకి మార్చడానికి డిస్కు స్థలం ఎన్నడూ అడ్డు కాదు.

వినియోగ సందర్భం: రామగుండం, గోదావరిఖని

బొగ్గు గనుల సంస్థ సింగరేణి కాలరీస్ కంపెనీ 1920 నుంచి ఈ పేరుతో ఉంది. ప్రధాన కార్యాలయం కొత్తగూడెం. 2016లో ఏర్పడిన పెద్దపల్లి జిల్లాలో ఉన్న గోదావరిఖని చుట్టూ కంపెనీకి రామగుండం-1, 2, 3 ఏరియాలు ఉన్నాయి. భూగర్భ గనులు, ఓపెన్‌కాస్టులు, వాటి వర్క్‌షాపులు, ఆస్పత్రి, శిక్షణ కేంద్రాలు, పక్కనే ఎన్‌టీపీసీ. ఇన్ని చోట్ల ఇంతమంది పనిచేసే ప్రాంతంలో పుట్టే పత్రాల స్వభావం గమనించదగ్గది. ఎక్కువ భాగం చిన్నవి, మనిషికొకటి, షిఫ్టుకొకటి.

గనుల చట్టం 1952 కింద ఉంచుతూ వచ్చిన ఉద్యోగుల రిజిస్టరు, మైన్స్ రూల్స్ 1955 ప్రకారం నియమిత కాలానికొకసారి జరిగే వైద్య పరీక్ష పత్రం, 1966 నాటి వృత్తి శిక్షణ నియమాల ప్రకారం ఇచ్చే సర్టిఫికెట్, ఓవర్‌మన్, మైనింగ్ సర్దార్ తమ షిఫ్టు తనిఖీ గురించి రాసే రిపోర్టు, మస్టరు, వేతన చీటీ: ఇవి ఏ బొగ్గు గనిలోనైనా ఉండేవే. కాగితంగా ఉన్నంతకాలం ఇవి బీరువాలు నింపాయి. స్కాన్ చేసి ఒక్కోదాన్ని ఒక్కో ఫైలుగా దాచితే బ్లాకుల లెక్కలోకి వస్తాయి. గని ప్లాన్ల వంటి పెద్ద చిత్రాలకు ఈ బాధ లేదు.

ఉదాహరణకు వెయ్యి మంది పనిచేసే ఒక గనిని ఊహిద్దాం. సాదా పాఠ్య రూపంలోని వేతన చీటీ 3,000 బైట్లు అనుకుంటే ఏడాదికి 12,000 ఫైళ్ళు, అసలు సమాచారం 3 కోట్ల 60 లక్షల బైట్లు. 512 బైట్ల బ్లాకుల్లో ఇది 3 కోట్ల 68 లక్షల 64 వేలు. 4 కిలోబైట్ల బ్లాకుల్లో 4 కోట్ల 91 లక్షల 52 వేలు. 16 కిలోబైట్ల క్లస్టర్లలో 19 కోట్ల 66 లక్షలు, 32 కిలోబైట్లలో 39 కోట్ల 32 లక్షలు, 128 కిలోబైట్లలో 157 కోట్ల 28 లక్షల బైట్లు. చివరి లెక్క అసలుకు దాదాపు 44 రెట్లు. ఆఫీసు కంప్యూటరులో 50 మెగాబైట్లు దాటని ఫోల్డరు పెన్‌డ్రైవ్‌కు వెళ్ళాక ఒకటిన్నర గిగాబైట్లవుతుంది. లోపలున్న సమాచారం ఒక్క బైటు కూడా పెరగదు.

పట్టణంలోని మీసేవ, నెట్ సెంటర్ల పని మరో తరహా. ఉద్యోగ దరఖాస్తులకు ఫొటో, సంతకం నిర్ణీత కిలోబైట్లలోపు ఉండాలన్న నిబంధన సాధారణం. 30,000 బైట్ల ఫొటో, 12,000 బైట్ల సంతకం అనుకుందాం. 4 కిలోబైట్ల బ్లాకుల్లో ఫొటోకు 32,768, సంతకానికి 12,288 బైట్లు. 32 కిలోబైట్ల క్లస్టరులో రెండిటికీ చెరి 32,768. ఫొటోకు తేడానే రాలేదు, సంతకానికి రెండున్నర రెట్లకు పైగా పెరిగింది. 128 కిలోబైట్లలో చెరి 1,31,072. అయిదు వేల మంది అభ్యర్థుల ఫైళ్ళు దాచుకున్న సెంటరుకు 4 కిలోబైట్ల డిస్కులో 22 కోట్ల 52 లక్షల 80 వేల బైట్లు సరిపోతాయి. 128 కిలోబైట్ల డ్రైవులో 131 కోట్ల 7 లక్షల బైట్లు కావాలి. బ్లాకు పరిమాణాన్ని మాత్రమే కాక, దాన్నీ ఫైలు పరిమాణాన్నీ పక్కపక్కన పెట్టి చూడాలనడానికి ఈ ఫొటో, సంతకాల తేడా మంచి సాక్ష్యం.

మూడో సందర్భం పరికరాలది. భూగర్భ గనుల గాలిలో మీథేన్, కార్బన్ మోనాక్సైడ్ వంటి వాయువులను కొలిచి పైకి పంపే టెలిమానిటరింగ్ పద్ధతులున్నాయి. ఒక సెన్సారు నిమిషానికొక రీడింగును 40 బైట్లలో పంపిందనీ, ప్రోగ్రాము దాన్ని విడి ఫైలుగా రాసిందనీ అనుకుంటే, రోజుకు 1,440 ఫైళ్ళు. సమాచారం 57,600 బైట్లు, ఎక్స్‌ట్4లో పట్టే చోటు 58,98,240 బైట్లు. ఎన్‌టీఎఫ్ఎస్‌లో మాస్టర్ ఫైల్ టేబుల్‌లోనే ఇమిడినా ఒక్కో నమోదుకు 1,024 చొప్పున 14,74,560 బైట్లు. అదే సమాచారాన్ని రోజుకొక ఫైలుగా చివర చేర్చుకుంటూ పోతే 15 బ్లాకులు, 61,440 బైట్లు. ప్రోగ్రాము రాసేవారు ఒక్క పంక్తి మార్చితే తీరే సమస్య ఇది, కొత్త డిస్కు కొనవలసినది కాదు.

స్థలం కాక ఇతర ప్రభావాలు

*ఐనోడ్ల కొరత.* ఎక్స్‌ట్4 ఫార్మాట్ సమయంలోనే ఐనోడ్ల సంఖ్యను నిర్ణయిస్తుంది. అప్రమేయంగా ప్రతి 16 కిలోబైట్ల డిస్కుకు ఒకటి. 100 గిగాబైట్ల డిస్కుకు 65,53,600 ఐనోడ్లు. ఫైళ్ళన్నీ ఒక్క బ్లాకువే అయితే 25 గిగాబైట్లు నిండేసరికి ఐనోడ్లు అయిపోతాయి. మూడు వంతుల డిస్కు ఖాళీగా ఉండగా ‘చోటు లేదు’ అన్న సందేశం వస్తుంది. ‘డిఎఫ్’ ఆదేశానికి ‘ఐ’ అనే ఐచ్ఛికం జతచేస్తే అసలు కారణం తెలుస్తుంది.

*వేగం.* పెద్ద బ్లాకు వల్ల పెద్ద ఫైళ్ళు చదవడం తేలిక, మెటాడేటా తక్కువ. చిన్న ఫైళ్ళ విషయంలో వేగాన్ని తినేది తెరవడం, మూయడం, పేరు నమోదు చేయడం. పది వేల చిన్న ఫైళ్ళను పెన్‌డ్రైవ్‌కు కాపీ చేయడం అంతే బరువున్న ఒక్క వీడియోకన్నా చాలా నెమ్మదిగా సాగేది అందుకే.

*ఫ్లాష్ నిల్వ.* ఎస్ఎస్‌డీ, పెన్‌డ్రైవ్ లోపల రాత పుటలుగానూ, చెరిపివేత వాటికన్నా ఎన్నో రెట్లు పెద్ద దిమ్మెలుగానూ జరుగుతుంది. చిన్నచిన్న రాతలు పెరిగితే లోపల జరిగే అసలు రాత ఇంకా పెరిగి, పరికరం ఆయుష్షు తగ్గుతుంది.

*మిగులు చోటులో పాత సమాచారం.* చివరి బ్లాకులో వాడని భాగంలో అంతకుముందు అక్కడ ఉండి చెరిపేసిన ఫైలు తాలూకు ముక్కలు మిగిలి ఉండవచ్చు. నేర పరిశోధనలో స్లాక్‌ను విడిగా పరిశీలించేది ఇందుకే. ఆఫీసు డిస్కును అమ్మేటప్పుడూ, ఇచ్చివేసేటప్పుడూ ఫైళ్ళు తొలగిస్తే చాలదనడానికీ కారణం ఇదే.

తగ్గించే పద్ధతులు

మొదటిది, అన్నిటికన్నా పనికొచ్చేది, కలిపి కట్టడం. పైన చెప్పిన గనిలో నెలకు వెయ్యి వేతన చీటీలను కుదింపు లేకుండా ఒక టార్ ఫైలుగా చేస్తే, ఒక్కో చీటీకి 512 బైట్ల శీర్షిక చేరినా, 128 కిలోబైట్ల డ్రైవులో నెలకు 28 క్లస్టర్లు, ఏడాదికి 4 కోట్ల 40 లక్షల బైట్లు చాలు. విడివిడిగా 157 కోట్లు పట్టినవే ఇవి. జిప్ చేస్తే ఇంకా తగ్గుతుంది. అయితే ఒక్క ఫైలు దెబ్బతింటే నెల మొత్తం చిక్కుల్లో పడుతుంది కాబట్టి రెండో నకలు తప్పనిసరి.

రెండోది డేటాబేసు. చిన్న అంశాలను ఫైళ్ళుగా కాక వరుసలుగా దాచడం. 10 కిలోబైట్ల అంశాలను విడి ఫైళ్ళుగా కాక ఒకే డేటాబేసులో ఉంచితే చోటు సుమారు 20 శాతం తగ్గుతుందని ఎస్‌క్యూలైట్ అనే డేటాబేసు తయారీదారులు కొలిచి చూపారు. 10 కిలోబైట్లు 4 కిలోబైట్ల బ్లాకుల్లో 12 కిలోబైట్లవుతాయని గుర్తుంచుకుంటే ఆ అంకెలో ఎక్కువ భాగం ఎక్కడిదో అర్థమవుతుంది. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా వ్యాసాల పాఠ్యం కూడా డేటాబేసులోనే ఉంటుంది, పేజీకొక ఫైలుగా కాదు. గిట్ అనే మూలపాఠ నిర్వహణ ఉపకరణం మొదట విడి ఫైళ్ళుగా రాసినవాటిని తర్వాత ‘ప్యాక్’ ఫైళ్ళుగా కట్టేదీ ఇదే ఆలోచనతో.

మూడోది ఫార్మాట్ మార్చడం. పెన్‌డ్రైవ్‌ను విండోస్ కంప్యూటర్ల మధ్యే వాడేటట్లయితే ఎన్‌టీఎఫ్ఎస్‌గానో, ఎక్స్‌ఫ్యాట్‌లోనే చిన్న అలకేషన్ యూనిట్ ఎంచుకునో ఫార్మాట్ చేయవచ్చు. కెమెరాలు, టీవీలు ఎన్‌టీఎఫ్ఎస్‌ను అన్నిసార్లూ చదవవు. ఎన్‌టీఎఫ్ఎస్‌లో ఫైళ్ళ కుదింపు సౌకర్యం క్లస్టరు 4 కిలోబైట్లు దాటితే పనిచేయదు కాబట్టి పెద్ద క్లస్టరు ఎంచుకునేవారు ఆ సౌకర్యాన్ని వదులుకున్నట్టే.

మామూలు ఆఫీసు కంప్యూటరులో 4 కిలోబైట్ల అప్రమేయాన్ని కదిలించవలసిన అవసరం దాదాపు రాదు. వీడియో, బ్యాకప్, పెద్ద డేటాబేసు సర్వర్లకు 64 కిలోబైట్లు పెట్టడానికి కారణాలున్నాయి. అది చిన్న ఫైళ్ళున్న డిస్కుకు వర్తించే సలహా కాదు.

అపోహలు

కొత్త డిస్కులో బ్లాకు చిన్నదిగా పెడితే ఎప్పుడూ ఆదా అన్నది నిజం కాదు. 4,096 బైట్ల సెక్టారు ఉన్న డిస్కుపై 1 కిలోబైటు బ్లాకు పెడితే ప్రతి చిన్న రాతకూ పరికరం మొత్తం సెక్టారును చదివి, మార్చి, తిరిగి రాయవలసి వస్తుంది.

హడూప్ వంటి పెద్ద పంపిణీ వ్యవస్థల్లో బ్లాకు 128 మెగాబైట్లు కాబట్టి ఒక కిలోబైటు ఫైలుకు 128 మెగాబైట్లు పోతాయన్న భయమూ తప్పే. అక్కడ బ్లాకు గరిష్ఠ హద్దు. చిన్న ఫైలు తన అసలు పరిమాణమే తీసుకుంటుంది. అక్కడి చిన్న ఫైళ్ళ సమస్య డిస్కుది కాదు, ప్రతి ఫైలు వివరమూ జ్ఞాపకంలో పెట్టుకోవలసిన నేమ్‌నోడ్‌ది.

ఫైళ్ళు తొలగిస్తే స్లాక్ మిగిలిపోతుందన్న మాట కూడా వినిపిస్తుంది. ఫైలు పోతే దాని బ్లాకులన్నీ, వాడని చోటుతో సహా, తిరిగి ఖాళీ జాబితాలో చేరతాయి. అందులోని పాత బైట్లు మాత్రం మరో ఫైలు వాటిపై రాసేదాకా ఉండవచ్చు.

పరిమాణం మార్చడం

బ్లాకు పరిమాణం ఫార్మాట్ చేసిన రోజున నిర్ణయమవుతుంది. ఎక్స్‌ట్4, ఎక్స్‌ఫ్యాట్‌లలో తర్వాత దాన్ని మార్చాలంటే సమాచారం మొత్తం వేరే డిస్కుకు నకలు తీసి, నకలు తెరుచుకుంటోందని చూసుకుని, మళ్ళీ ఫార్మాట్ చేయాలి. కనుక వేల చిన్న ఫైళ్ళు దాచబోయే డ్రైవుకు, మొదటి ఫైలు ఎక్కించకముందే అలకేషన్ యూనిట్ ఎంత ఉందో చూసుకోవాలి.